పక్షం కాదు, పద్నాలుగు రాత్రులు

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు అంటే మందులు కలిపేవాడు అనుకుంటూ మీరు చేరతారు. నేనూ అలాగే చేరాను. ముప్పై ఏళ్ల పైచిలుకు నౌకరీలో నేను మందులు కలిపింది తక్కువ. ఎద్దుల కొమ్ములు పట్టుకుని వేలాడింది, రైతులకు నచ్చజెప్పింది ఎక్కువ. ఏ సంవత్సరం ఎక్కడికి బదిలీ అయింది, జీతం ఎప్పుడు పెరిగింది అనేవి మీకు పనికొచ్చేవి కావు. వాటిని వదిలేస్తున్నాను. నేను చేసిన తప్పుల్లో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి చిన్నది. రెండోది ఎంత పెద్దదో చదివి మీరే చెప్పండి.

మాది కనిగిరి. నాయనకు దినుసుల దుకాణం ఉండేది. గిద్దలూరులో నాకు ఉద్యోగం దొరికేనాటికి మద్రాసులో దొరల ప్రభుత్వం ఉంది, గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉన్నాయి. పశువుల డాక్టరు ఒకరు, కాంపౌండరు ఒకడు, గుమాస్తా పని కూడా కాంపౌండరుదే. చుట్టూ అరవై డెబ్బై ఊళ్లు. సైకిలు ఇచ్చారు గానీ దాని మీద నేను ఎక్కినదానికంటే నా మీద అది ఎక్కినదే ఎక్కువ, ఎందుకంటే సగం దారులు వంకలూ రాళ్లూ.

అడగకపోతే ఎవరూ చెప్పరు

చేరిన మొదటి ఏడాది ఒక ముసలమ్మ ఎద్దును తోలుకొచ్చింది. మేత ముట్టడం లేదు. డాక్టరు గారు క్యాంపులో ఉన్నారు కాబట్టి ఆ పూటకు నేనే డాక్టరును. నాలుక చూశాను, జ్వరం చూశాను, డొక్క తట్టాను, పుస్తకం తీసి రెండు పేజీలు చదివాను. గంట గడిచింది. చివరికి ఏమీ తోచక ఉప్పు, అల్లం కలిపిన కషాయం గొట్టంతో పోశాను. ఎద్దు కట్టు తెంపుకున్నంత పని చేసింది. అప్పుడు ముసలమ్మ నింపాదిగా అన్నది, పక్కింట్లో పెళ్లి జరిగిందనీ, మిగిలిన అన్నం గంపెడు ఈ ఎద్దు తిన్నదనీ. ముందే చెప్పవచ్చు కదా అని విసుక్కున్నాను.

"నువ్వు అడగలేదు గదా నాయనా. పుస్తకం సూస్తాంటివి, అందులో ఉంటాదేమో అనుకున్యా."

ఆ రోజు నవ్వుకుని మరిచిపోయాను. మరిచిపోకుండా ఉంటే రెండో తప్పు జరిగేది కాదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ రోజుల్లో నేను కాకినే.

డాక్టరు గారి ఇంగ్లీషు, నా తెలుగు

మా డాక్టరు గారు అరవ దేశం నుంచి వచ్చినాయన. పనిలో గట్టివాడు. గేదె ఈనలేక పడి ఉంటే చొక్కా విప్పి బురదలో పడుకుని దూడను తీసేవాడు. తెలుగు మాత్రం ఆయనకు నాలుగు మాటలే వచ్చు. అవి కూడా ఎద్దులతో మాట్లాడే మాటలే. అందుకని ఉత్తర్వులన్నీ ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను తెలుగులో రాసేవాణ్ణి.

నా తెలుగు మీద నాకు చెప్పలేనంత గర్వం. బడిలో పద్యాలు బాగా చెప్పేవాణ్ణి. ఊళ్లలో చదివి వినిపించే కాగితం కూడా అచ్చులో వేసిన పుస్తకంలా ఉండాలని నా కోరిక. రైతు మాట్లాడే మాట రాస్తే సర్కారు పరువు పోతుందని అనుకునేవాణ్ణి. "వలెను", "గావలయును" లేకుండా నా కాగితం బయటికి వెళ్లేది కాదు. కరణాలు మెచ్చుకునేవారు. వినే రైతులు ఏమనుకునేవారో నేను ఎన్నడూ అడగలేదు.

ముసర వచ్చిన ఏడు

రాచర్ల దగ్గర ఒక పల్లెలో ముసర తగిలింది. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు. కళ్ల వెంట నీళ్లు, నోట్లో పుండ్లు, ఆ తర్వాత పారుడు, అయిదారు రోజుల్లో పశువు పడిపోతుంది. ఈనాటి టీకాలు అప్పుడు లేవు. జబ్బు పశువుతో కలిసి తిరిగినవాటిని వేరుచేసి, వేచి చూడటమే పెద్ద మందు. వాటిలో జబ్బు దాగి ఉంటే రెండు వారాల లోపల బయటపడుతుంది. బయటపడకపోతే ఊరు బతికినట్టే.

డాక్టరు గారు వెళ్లి చూసి, తాకిడి ఉన్న ముప్పై పశువులను ఊరికి దూరంగా వంక పక్కన కట్టించారు. వాటిని చూడటానికి ఏసేబు అనే అతన్ని ఊరు కుదుర్చుకుంది. ఏసేబు ఊరి తూర్పున ఉన్న క్రైస్తవుల పల్లెలో ఉంటాడు. పదేళ్లు రెడ్ల చేలల్లో కూలి చేసి, ఆ ఏడే ఒక జత ఎద్దులు కొనుక్కుని, ఒక రెడ్డి దగ్గర రెండెకరాల చేను కోరుకు, అంటే పంటలో భాగానికి, తీసుకున్నాడు. అతని జత కూడా ఆ ముప్పైలోనే ఉంది. కాబట్టి కాపలాకు అతనికంటే నమ్మకమైనవాడు దొరకడు.

డాక్టరు గారు నాతో ఇంగ్లీషులో చెప్పిన ఉత్తర్వు చిన్నది. ఈ పశువులను ఒక ఫోర్ట్‌నైట్ విడిగా ఉంచాలి. ఫోర్ట్‌నైట్ అంటే రెండు వారాలని నాకు తెలుసు. రెండు వారాలు అని రాస్తే సరిపోయేది. అది నాకు చప్పగా తోచింది. "పక్షము గడచువరకు పశువులను విడిగా బంధించి యుంచవలెను" అని రాశాను. రాసి, నేనే రెండుసార్లు చదువుకుని మురిశాను. కాగితం మీద డాక్టరు గారు సంతకం పెట్టి ముద్ర వేశారు. చావడి ముందు దండోరా వేయించి కరణం చదివాడు.

ఆ రోజు జ్యేష్ఠ బహుళ పంచమి.

మీరు ఇప్పటికే గ్రహించి ఉంటారు. నేను గ్రహించలేదు. ఆఫీసు కాగితంలో గడువు ఆ కాగితం రాసిన రోజున మొదలవుతుంది. పల్లెలో పక్షం చంద్రుడితో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. పంచమి నాడు "పక్షము గడచువరకు" అని వింటే, అమావాస్య దాకా అని ఆ ఊళ్లో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. ఎవరికీ అనుమానం రాలేదు కాబట్టి ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగినవాడు ఒక్క ఏసేబు. అమావాస్య నాడు కరణం దగ్గరికి వెళ్లి, గడువు అయిపోయిందా అని అడిగాడు. అయిపోయింది, రేపు వదిలేయమని కరణం చెప్పాడు. అమావాస్య నాడు మా వైపు ఎటూ కాడి కట్టరు. మర్నాడు పాడ్యమి పొద్దున ఏసేబు ముప్పై పశువులనూ విప్పాడు. అవి ఊరి పశువులతో కలిసి కుంటలో నీళ్లు తాగాయి.

మరో రెండు రోజులకు ఆ ముప్పైలో ఒక పెయ్య కళ్ల వెంట నీరు కార్చింది. పది రోజులు తిరిగేసరికి ఊరంతా ముసర.

నేను అన్న మాట

డాక్టరు గారు సీరం సీసాలు పట్టుకుని పరుగెత్తారు, వెనక నేను. మేం వెళ్లేసరికి చావడి ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. తిరుపాలు అనే చిన్న రైతు అందరికంటే కోపంగా ఉన్నాడు. అతని జతలో ఒక ఎద్దు ఆ పొద్దునే చచ్చింది. గడువు కాకముందే పశువులను ఎవరు వదిలినట్టు అని పెద్దరెడ్డి నన్ను అడిగాడు. నేను పంచాంగం చూడలేదు, కాగితం చూడలేదు. వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి, పద్నాలుగు కావాల్సినచోట పదకొండే అయ్యాయని చెప్పాను. కాపలావాడు ముందుగా విప్పాడని చెప్పాను. అందరూ ఏసేబు వైపు తిరిగారు.

"అయ్యా, నేను కరణం సామిని అడిగి ఇడిసినా" అన్నాడు ఏసేబు.

కరణం భుజం మీది కండువా సర్దుకుంటూ ఎటో చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని నాకు తోచింది గానీ, ఇంకో ప్రశ్న వేయలేదు. సూదులు వేయాల్సిన పశువులు చాలా ఉన్నాయి, అది నా సాకు. ఆసుపత్రికి తిరిగి వచ్చి రిపోర్టులో కాపలావాడి అజాగ్రత్త వల్ల జబ్బు వ్యాపించిందని రాశాను. ఒక్క వాక్యం. చక్కటి వాక్యమే.

ఆ వాక్యానికి ముందే ఏసేబు జతలోనూ ఒక ఎద్దు పోయింది. తన ఎద్దును తానే చంపుకునే పని ఎవడైనా చేస్తాడా అన్న ఆలోచన నాకు రాలేదు. ఈ ఉద్యోగంలో నన్ను నేను క్షమించుకోలేని విషయం ఇదే. తప్పు రాయడం ఎవరికైనా జరుగుతుంది. కళ్లెదురుగా ఉన్నది చూడకపోవడం వేరు.

నాగన్న లెక్క

ఈసారి డాక్టరు గారు గడువును నోటి మాటగా చెప్పించారు. చివరి పశువు చచ్చిన నాటి నుంచి పద్నాలుగు రోజులు ఊళ్లో ఒక్క పశువూ కాడి కిందికి రాకూడదు. ఆ గడువులో మేకలను చూడటానికి నన్ను పంపారు. ఊరి బయట ఒక చేలో నాగన్న అనే ముసలి గొర్రెల కాపరి కనిపించాడు. ఎరువు కోసం రైతులు చేలల్లో గొర్రెల మందను పడుకోబెట్టించుకుంటారు, మీకు తెలిసిందే. అతని మందలో ఉన్న మేకలను ఒక్కొక్కటే పట్టి చూస్తూ, ఆ చేలో మంద ఎన్నాళ్లు ఉంటుందని మాటవరసకు అడిగాను. తొమ్మిది రాత్రులు ఒప్పుకున్నామనీ, ఆరు అయ్యాయనీ చెప్పాడు. రాత్రులెందుకు, రోజులు అనవచ్చు కదా అన్నాను.

"పగలు మంద యాడ తిరిగితే రైతుకేంది సామీ? రాత్రి పండుకుంటేనే లెక్క. పక్షం అంటే ఒగసారి పది, ఒగసారి పదైదు. రాత్రులు అంటే ఎవురికీ తగువు రాదు."

చేతిలో ఉన్న మేక చెవిని వదిలేశాను. పంచమి నుంచి అమావాస్య దాకా మనసులో లెక్కపెట్టాను. నా కాగితంలో ఏం రాశానో అక్షరం అక్షరం గుర్తుకు వచ్చింది. దాచేదేముంది, భయమే వేసింది. ఉద్యోగం పోతుందని మొదట భయపడ్డాను. ఏసేబు గుర్తుకు వచ్చింది ఆ తర్వాతే.

ఏసేబు ఎట్లా ఉన్నాడని నాగన్నను అడిగాను. అతన్ని ఎవరూ కూలికి పిలవడం లేదన్నాడు. దానికంటే పెద్ద సంగతి మరొకటి చెప్పాడు. ఏసేబుకు ఒక ఎద్దు మిగిలింది, తిరుపాలుకు ఒక ఎద్దు మిగిలింది. ఒంటెద్దు రైతులు ఇద్దరు కలిసి జత కట్టుకుని ఒకరి చేను ఒకరు దున్నుకోవడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్నదే. ఊళ్లో ఒంటెద్దు మిగిలింది వీళ్లిద్దరికే. వాన పడితే ఇద్దరికీ ఇంకో దారి లేదు. అయినా తన చేను బీడు పెట్టుకుంటాను గానీ, ఏసేబు ఎద్దు పక్కన తన ఎద్దును కట్టనని తిరుపాలు చావడిలో ఒట్టు పెట్టాడట. కొర్ర విత్తడానికి ఆ ఏడు రాబోయే వానే ఆఖరు అదును. అది తప్పితే ఏసేబు చేను రెడ్డికి వెనక్కి పోతుంది, ఎద్దు సంతకు పోతుంది, అతను మళ్లీ కూలికి పోవాలి. కూలికి పిలిచేవాడు కూడా లేడు.

డాక్టరు గారి మాట

గిద్దలూరు వచ్చి డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. పక్షం అంటే ఏమిటో రెండుసార్లు చెప్పించుకున్నారు. బీరువాలో ఉన్న లావుపాటి నిఘంటువు తీసి, ఆ ఇంగ్లీషు మాట వెతికి నా ముందు పెట్టారు. ఫోర్ట్‌నైట్ అన్నది ఫోర్టీన్ నైట్స్ అనే మాట, అంటే పద్నాలుగు రాత్రులు, వాడగా వాడగా అరిగిపోయి మిగిలిన ముక్క. ఇంగ్లీషువాళ్ల ముత్తాతలు కాలాన్ని రాత్రులతో లెక్కపెట్టేవాళ్లట. ఏడు రాత్రులకూ వాళ్లకు ఇలాంటిదే ఒక మాట ఉండేదట, అది వాడుకలోంచి పోయింది, ఇది మిగిలింది.

అంటే ఆ దొరల ముత్తాతలదీ మా నాగన్నదీ ఒకటే లెక్క. మధ్యలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణి. ఆ మాట అర్థాన్ని ఉన్నదున్నట్టు పద్నాలుగు రాత్రులు అని రాసి ఉంటే, ఊళ్లో గొర్రెల కాపరి మొదలు అందరూ సరిగ్గా లెక్కపెట్టేవాళ్లు.

ఊళ్లో ఈ సంగతి చెప్పి వస్తానని అనుమతి అడిగాను. డాక్టరు గారు కుదరదన్నారు. రిపోర్టు సరిచేసి పైకి పంపుతానన్నారు, పంపారు కూడా. దండోరా మాత్రం వద్దన్నారు. సర్కారు కాగితం తప్పని సర్కారు మనిషే చెబితే, రేపు ముసర వచ్చినప్పుడు ఏ కాగితాన్ని ఎవరు నమ్ముతారని అడిగారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాటలో నిజం ఉంది. అందుకే వాదించకుండా బయటికి వచ్చాను.

దండోరా

గడువు ముగిసిన మర్నాడే వాన పడింది. ఆ నేలల్లో దున్నడానికి తగిన పదును మూడు రోజులు, మించితే నాలుగు రోజులు నిలుస్తుంది. నేను రెండు రోజులు సెలవు పెట్టి సైకిలు ఎక్కాను.

నేరుగా ఏసేబు ఇంటికి వెళ్లాను. ఇంటి ముందు ఒంటి ఎద్దు కట్టేసి ఉంది, కాడి గోడకు ఆనించి ఉంది. జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. అతను కూర్చోమనలేదు, తిట్టలేదు. విన్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది అయ్యా. నా లెక్క తప్పు గాదని నాకు తెలుసు. ఊరికి చెప్పు. ఆ కాగితం సదివినారే, ఆ తావులోనే చెప్పు."

కరణం దగ్గరికి వెళ్లాను. ముద్ర లేని కాగితం చదవనని చెప్పాడు. తాను అమావాస్య దాకా అని చెప్పిన సంగతి బయటికి వస్తుందని అతని బెంగ. అతని పేరు ఎత్తనని చెప్పాక, తప్పెట కొట్టించడానికి ఒప్పుకున్నాడు. సాయంత్రం జనం వచ్చారు. కాగితం నేనే చదివాను. ఈసారి "వలెను" లేదు. పోయినసారి కాగితంలో రోజుల లెక్క తప్పుగా రాసింది నేను. ఏసేబు ఆ కాగితంలో ఉన్నట్టే చేశాడు. మీ ఊళ్లో ఎవరు కాపలా ఉన్నా అదే రోజున విప్పేవారు. అంతే రాశాను, అంతే చదివాను.

తిరుపాలు లేచాడు.

"అయితే నా ఎద్దు సచ్చింది నీ వల్లనా?"

"అవును" అన్నాను.

ఆ మాటకు అతను నన్ను కొట్టినా నేను ఏమీ అనేవాణ్ణి కాదు. కొట్టలేదు. నా ముఖం కాసేపు చూసి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పెద్దరెడ్డి మాత్రం ఆగి, ఇంత చదువుకున్నవాడివి మా ఊళ్లో ఒక ముసలాయన్ను అడగలేకపోయావా అన్నాడు. ఏసేబు జనం వెనక నిలబడి విన్నాడు. అతను ఎప్పుడు వెళ్లిపోయాడో నేను చూడలేదు.

నేను చెప్పిన దానివల్ల ఏమీ జరగలేదనే అనుకున్నాను. ఇక్కడ చదివేవాళ్లకు ఒక మాట. తప్పు ఒప్పుకోగానే అవతలివాళ్ల మనసు కరుగుతుందని కథల్లో రాస్తారు. నా అనుభవంలో వాళ్లకు కోపమే పెరుగుతుంది, పెరగడమే న్యాయం. ఒప్పుకోవడం మన భారం దించుకోవడానికి కాదు. మన వల్ల ఎవరి మీదో పడిన భారాన్ని ఆ మనిషి మీద నుంచి దించడానికి. దిగుతుందో లేదో మన చేతిలో లేదు. డాక్టరు గారికి ఈ సంగతి తెలిసి ఆరు నెలలు నాతో పనికి మించి మాట్లాడలేదు. అదీ న్యాయమే.

మర్నాడు పొద్దున సైకిలు నడిపించుకుంటూ తిరిగి వస్తున్నాను. బాట ఏసేబు ఇంటి ముందు నుంచే పోతుంది. అతను ఎద్దుకు నీళ్లు పెడుతున్నాడు. బాట మలుపులో తిరుపాలు తన ఎద్దును పట్టుకుని వచ్చాడు. పగ్గం చేతిలో ఉంచుకునే ఇంటి ముందు నిలబడ్డాడు. నేను కూడా నిలబడిపోయాను. ఇద్దరూ నన్ను చూడలేదు, చూసినా లెక్కపెట్టలేదు.

"నీ చేనా, నా చేనా ముందు?" అని తిరుపాలు అడిగాడు.

ఏసేబు నీళ్ల కడవ పక్కన పెట్టి, గోడకు ఆనించిన కాడి తీసి భుజాన పెట్టుకున్నాడు.

"నీది ఎర్రనేల గదన్నా, పదును ముందు పోతాది. నీదే ముందు దున్నుదాం పా."